ధూమపాన వర్జనము - గజేంద్రుని పెనుగులాట

శ్రీమద్భాగవతమున అష్టమ స్కంధమందలి గజేంద్రమోక్షణ కథ వినని వైష్ణవ గృహము తెలుగునాట ఉండదు. పోతనామాత్యుని పద్యములు నోటికి రానివారికిని ఆ కథ తెలియును. అయినను శ్రీహరి వైకుంఠమునుండి వేగిరపడి విచ్చేసిన ఘట్టముపైననే శ్రోతల మనస్సు నిలుచును గాని, అంతకుముందు వేయి సంవత్సరములు సాగిన పెనుగులాటను వారు త్వరగా దాటిపోవుదురు. ఆ పెనుగులాటలో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఏనుగు బలహీనమైనది కాదు. మొసలి దానికంటె గొప్ప జంతువును కాదు. నీరు మొసలికి నెలవు. ఆ నెలవులో నానాటికి దాని బలము పెరిగినది, ఏనుగు బలము తరిగినది.

చుట్టయో, బీడీయో, సిగరెట్టో అలవాటైన గృహస్థు దానిని విడువ తలపెట్టినపుడు జరుగునది ఇదియే. అతడు ఏకాదశినాడు నిరాహారముగా నుండగలడు. అలిపిరినుండి 3,500కు పైబడిన మెట్లెక్కి కొండ చేరగలడు. తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానము చేయగలడు. అట్టివాడు వ్రేలెడు పొగచుట్ట యెదుట ఓడిపోవుచున్నాడు. ఇంటివారు దీనిని చూచి పట్టుదల లేనివాడని ఈసడింతురు. అది పూర్తిగా న్యాయమైన మాట కాదు.

పొగాకునందలి నికోటిన్ అను పదార్థము పొగతోపాటు ఊపిరితిత్తులలో ప్రవేశించి 10, 20 సెకనులలోనే మెదడును చేరి క్షణికమైన హాయిని కలిగించును. రక్తములో దాని పాలు సుమారు 2 గంటలలో సగమునకు తగ్గును. తగ్గినకొలదిని చిరాకు, తలనొప్పి, ఏదియు తోచకపోవుట మొదలగును. మరల ఒకటి వెలిగింపగానే అవి అణగును. అందుచే చుట్ట తన చిరాకును పోగొట్టుచున్నదని అతడు నమ్ముచున్నాడు. ఆ చిరాకును పుట్టించినది అంతకుముందటి చుట్టయే. అప్పు తీర్చుటకు మరల అప్పు చేయువాని బ్రతుకువంటి దిది. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 1988లో వెలువరించిన నివేదిక, నికోటిన్ వ్యసనమును కలిగించు పదార్థమేయని విస్పష్టముగా నిర్ధారించినది.

శాస్త్రములు పొగాకును పేరు పెట్టి నిషేధింపలేదు గదాయని కొందరు వాదింతురు. ఎట్లు నిషేధించును? అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా ఈ దేశమునకు వచ్చిన ఆకు. అక్బరు కొలువునకు పరిచయమైనది 17వ శతాబ్దారంభమున. చరకసంహితలో చెప్పబడిన ధూమపానము ఓషధులతో చేయు చికిత్స, దానికిని దీనికిని పొత్తు లేదు. ఇక గరుత్మంతుడు తెచ్చు అమృతమునకును పొగచెట్టునకును చుట్టరికము కలిపిన పద్యమందురా, అది 1897లో అచ్చయిన కన్యాశుల్కమున గిరీశము నోట వచ్చు పరిహాసము. దానిని ప్రమాణమువలె ఉదాహరించువారు నేటికిని లేకపోలేదు!

ఇది పురుషుల వ్యసనము మాత్రమే యనుకొనుటయు పొరపాటు. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టిన చుట్టలకు పేరెక్కువ. ఉత్తరాంధ్ర తీర గ్రామములలో స్త్రీలు నిప్పు కొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు అలవాటు తరతరములుగా ఉన్నది. అంగిటికి క్యాన్సరు వచ్చుటకు అది కారణమని వైద్యులు ఎప్పుడో గుర్తించిరి.

పాంచరాత్ర సంహితలు శరణాగతికి ఆరు అంగములను చెప్పినవి. వానిలో రెండవది ప్రాతికూల్య వర్జనము, అనగా భగవంతునికి ప్రతికూలమైన దానిని విడుచుట. దేహము జీవునికి శేషము, జీవుడు భగవంతునికి శేషుడు అను సిద్ధాంతమును అంగీకరించిన వానికి, తన ఊపిరితిత్తులు తన సొంత ఆస్తి కావు. ప్రక్కగదిలో నిద్రించు పసివాని ఊపిరితిత్తులు అసలే కావు. ఇంటిలో వ్యాపించు పొగ త్రాగనివారికిని హాని చేయుననుట నిశ్చయమైన విషయము.

అయితే వర్జనము సంకల్పమాత్రమున సిద్ధించునా? ఇచట రెండు విధముల చిక్కు కలదు. కొందరు "స్వామి మాన్పించిన నాడు మానుదును" అని చుట్ట వెలిగింతురు. పిల్లి తన కూనను నోట కరచుకొని పోవునట్లు భగవంతుడే రక్షించునను మార్జాలకిశోర న్యాయమును వీరు తమ సోమరితనమునకు అడ్డు పెట్టుకొందురు. గజేంద్రుడు మడుగులో నిద్రపోలేదు. ఓపిక ఉన్నంతవరకు పెనగినాడు. మరికొందరు సమస్తమును తమ బలముపైననే నిలిపి, ఒకనాడు జారినంతనే ఇక తమవల్ల కాదని నిరాశ చెందుదురు. శరణాగతి అంగములలో కార్పణ్యమును ఒకటి. అనగా తన అశక్తతను దాచక ఒప్పుకొనుట. ఒప్పుకొన్నవాడు సాయము కోరును. ఒక్క ప్రయత్నముననే విడిచినవారు తక్కువ. పలుమార్లు జారి లేచినవారే ఎక్కువ. జారిన దినమున మిగిలిన పెట్టెను పారవేసినచో అది ఒక్క చుట్టతో పోవును. వ్రతము చెడినదని పెట్టె పూర్తి చేసినచో మొదటికి వచ్చును.

గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు, మనస్సును నిగ్రహించుట గాలిని పట్టుటవలె దుష్కరమని మొరపెట్టుకొన్నాడు. భగవానుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది సాధ్యమన్నాడు. అభ్యాసము ముందు చెప్పబడుట గమనింపదగినది. పొగపై రోత పుట్టిన తరువాత మానుదమని వేచియుండువారికి ఆ రోత ఎన్నటికిని పుట్టదు. మానిన కొన్ని నెలలకు దానంతట అది పుట్టును.

అభ్యాసమనగా మొసలిని దాని నీటినుండి వేరుచేయుట. కాఫీ త్రాగిన వెంటనే, భోజనమైన వెంటనే, బస్సుకొరకు నిలుచున్నపుడు, ఫలానా మిత్రుడు కనబడినపుడు - ఇవియే ఆ నీరు. భోజనము కాగానే లేచి తులసికోటకు నీరు పోయవచ్చును. అగ్గిపెట్టె జేబులో నుండరాదు. కోరిక ఎంత ఉధృతముగా వచ్చినను సాధారణముగా కొద్ది నిమిషములలో దిగిపోవును. కేశవాది చతుర్వింశతి నామములను రెండు మూడు ఆవృత్తులు తాపీగా అనుకొను పాటి కాలమది. నోటికి లవంగమో, ఏలకియో, పటికబెల్లపు పలుకో చాలును. జర్దా కిళ్ళీకిని ఖైనీకిని మరలుట మాత్రము ఒక మొసలి నోటినుండి వేరొక మొసలి నోట పడుటయే.

చిరాకు మొదటి 2, 3 దినములలో పరాకాష్ఠకు వచ్చి, 3, 4 వారములలో చాలవరకు శాంతించును. ఆ దినములలో అతడు కసరుకొన్నచో అది శరీరధర్మమని ఇంటివారు ఓర్చుకొనవలెను; ఎత్తిపొడుపు మాట అతనిని సరాసరి కిళ్ళీకొట్టుకు పంపును. ధనుర్మాసమునకు 30 దినములు. తిరుప్పావై రెండవ పాశురమున గోదాదేవి, నోము పట్టిన గోపికలు నేయి, పాలు, కాటుక, పూవులు విడిచిరని చెప్పినది. ఆ పట్టికలో పొగను చేర్చుకొన్న గృహస్థునకు నెల తిరుగునప్పటికి కఠినమైన భాగము గడచిపోవును. కాశికి పోయి తనకు ఇష్టము లేని కాకరకాయను విడిచివచ్చు వ్రతముకంటె ఇది మేలు.

మందు పుచ్చుకొనుట విశ్వాసలోపమనుకొనువారును కలరు. అమృతకలశముతో అవతరించిన ధన్వంతరి విష్ణ్వంశ సంభూతుడేనని వారు మరచుచున్నారు. నికోటిన్ బిళ్ళలు, ఇతర ఔషధములు వైద్యుని సలహాతో వాడవచ్చును. పొగాకు మానదలచినవారికి సలహా చెప్పుటకు భారత ప్రభుత్వము 2016లో ఏర్పరచిన ఉచిత టెలిఫోను సంఖ్య 1800-11-2356.

తిరుమల కొండపై పొగాకు నిషిద్ధము. అలిపిరి వద్దనే సంచులను సోదా చేయుదురు. ధూమపానపరులైన యాత్రికులు అచట 2, 3 దినములు చుట్ట లేకయే గడుపుదురు. క్యూలలో గంటలకొలది నిలుచుందురు, గోవిందనామములు చెప్పుదురు, దర్శనము చేసికొందురు. తమకు తెలియకుండగనే వారు దాటినది ఆ వ్యసనపు మిక్కిలి కఠినమైన ఘట్టము. తరువాత కొండ దిగి, మొట్టమొదట కనబడిన దుకాణము వద్ద ఆగి వెలిగింతురు. అంతటితో ఆ మూడు దినముల కష్టమును వ్యర్థమగును. విడువదలచినవాడు కొండ యెక్కుటకు ముందే సంకల్పము చెప్పుకొని, దిగివచ్చిన పిమ్మట ఆ దుకాణమును ఎట్లు దాటవలెనో ఇంటివారితో కూడ ముందుగనే ఆలోచించుకొనుట మంచిది. అప్పటికే అతని రక్తమునుండి పొగలోని కార్బన్ మోనాక్సైడు తొలగిపోయి యుండును. ఒక సంవత్సరము గడచునప్పటికి గుండెజబ్బు విషయమున పొగవలన కలిగిన అదనపు ముప్పు సుమారు సగమునకు తగ్గును. ఆ మరుసటి యాత్రలో మోకాళ్ళ పర్వతము వద్ద ఆయాసము ఎంత తగ్గినదో అతనికే తెలియును.