తాగనివాడి లివరు

బ్లాక్‌టౌన్, సిడ్నీ,
ఆదివారం రాత్రి

కిరణ్,

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీ స్కాన్ రిపోర్టు సంగతి వచ్చింది. "నేను మందు ముట్టను కదా పెద్దమ్మా, నాకు లివర్ జబ్బేంటి? గ్రేడ్ వన్ ఫ్యాటీ లివరంట. మా టీములో సగం మందికి ఉంది" అని తేలిగ్గా తీసిపారేశావు. అందరి మధ్య నిన్ను కూర్చోబెట్టి చెప్పడం బాగుండదని ఊరుకున్నాను గానీ మనసు ఒప్పడం లేదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ, మన కోడలు హారికా కలిసి చదవండి.

నర్సుగా ఇక్కడి వార్డుల్లో పనిచేసిన రోజుల్లో లివర్ చెడిపోయినవాళ్లను చాలామందిని చూశాను. తాగి తెచ్చుకున్నవాళ్లున్నారు, జన్మలో చుక్క ముట్టనివాళ్లూ ఉన్నారు. మనవాళ్లకు మాత్రం లివర్ జబ్బనగానే తాగుడే గుర్తొస్తుంది. ఆ ఆలోచన తాగనివాడికి లేనిపోని ధైర్యం ఇస్తుంది. తాగేవాడు సిగ్గుపడి డాక్టరు దగ్గర అబద్ధం చెబుతాడు. వైరస్ ఉన్నవాళ్లు నలుగురూ ఏమనుకుంటారోనని నోరు కట్టేసుకుంటారు. ఎవరి కారణం ఏదైనా చివరికి పరీక్ష వాయిదా పడుతుంది, లోపల జబ్బు మాత్రం ఆగదు.

నీ టీములో సగం అన్నావు. హైదరాబాదులో లెక్క అంతకంటే ఎక్కువే తేలింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు, గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు కలిసి అక్కడి ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో అచ్చయిన ఆ అధ్యయనంలో 345 మందిని చూస్తే 84 శాతం మందికి లివర్లో కొవ్వు పేరుకుని ఉంది, 71 శాతం మందికి ఊబకాయం. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, చాలని నిద్ర, పని ఒత్తిడి. నువ్వు అక్కడ మాదాపూర్ కుర్చీలోంచి లేచొచ్చి ఇక్కడ పరమట్టా కుర్చీలో కూర్చున్నావు, అంతే తేడా. అందరికీ ఉంది అన్నది ఊరట కలిగించే మాట కాదు నాన్నా.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. కండరాలు వాడుకోగా మిగిలినదాన్ని లివరు కొంత దాచుకుంటుంది, ఆ చోటు నిండాక మిగతాదాన్ని కొవ్వుగా మారుస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, దాంతో లివర్‌కి చేరే కొవ్వు ఇంకా ఎక్కువవుతుంది. లివర్లో కొవ్వు 5 శాతం దాటితే అది ఫ్యాటీ లివర్. మనవాళ్ల ఒళ్లు తీరు వేరు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట ముందుకొస్తుంది. అందుకే తెల్లవాళ్లకు బీఎమ్ఐ 25 నుంచి బరువెక్కువ అంటే, మనకు 23 నుంచే అంటారు. నడుం కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసుకుని సంబరపడకు. ఆ ప్యాంటు బొడ్డు కిందెక్కడో ఆగుతుంది. టేపు తీసుకుని కొలుచుకో.

భయపెట్టాలని రాయడం లేదు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి లివర్ పూర్తిగా పాడవదు. కొందరిలో మాత్రం కొవ్వుకు వాపు తోడవుతుంది, వాపు వచ్చిన చోటల్లా మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి లివరంతా గట్టిపడితే సిరోసిస్ అంటారు, అక్కణ్ణుంచి క్యాన్సర్ కూడా రావచ్చు. దీనికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఈలోగా నొప్పి ఉండదు. ఇంకో సంగతి, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల ప్రాణం తీసేవాటిలో ముందుండేది లివర్ జబ్బు కాదు, గుండె జబ్బు. మీ నాన్నకు షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో నీకు నేను గుర్తుచేయనక్కర్లేదు.

సిరోసిస్ ముదిరిన మనిషిని నువ్వు దగ్గర్నుంచి చూసి ఉండవు. భుజాలు, బుగ్గలు ఎండిపోతాయి. పొట్ట మాత్రం నీరు పట్టి చర్మం మెరిసేంత బిగుసుకుంటుంది. సూది పెట్టి తీస్తే ఒక్కోసారి ఐదారు లీటర్లు వస్తుంది, కొన్ని వారాలకే మళ్లీ నిండుతుంది. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళం పగిలితే రక్తం కక్కుతారు. ఇంట్లోవాళ్లను అన్నిటికంటే కుంగదీసేది మతి తప్పడం. లివరు వడగట్టాల్సిన విషపదార్థాలు మెదడుకి చేరతాయి. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు వెనక్కి వంచి పట్టుకోండి" అంటారు. జబ్బు మెదడుకెక్కితే ఆ చేతులు నిలవవు, మణికట్టు దగ్గర టపటపా కిందికి పడుతుంటాయి.

గుంటూరు వైపు పెద్దాయన ఒకాయన ఉండేవారు. కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మద్యం వాసన కూడా పడని మనిషి. మతి ఎలా ఉందో చూడటానికి రోజూ ఒక కాగితం మీద సంతకం చేయించేవాళ్లం. సోమవారం ముచ్చటగా, గుండ్రంగా పెట్టిన తెలుగు సంతకం గురువారానికి వంకర గీతలైపోయింది. ఆయన భార్య ఆ కాగితం చేత్తో పట్టుకుని, "ఊళ్లో అందరి దస్తావేజులూ ఈయనే రాసేవారమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆయనకున్నది షుగరు, పొట్ట, అంతే. ఎప్పుడో స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని రాశారట. తాగరు కదా అని ఎవరూ మళ్లీ దాని జోలికి పోలేదు.

లివర్ మార్పిడి ఉంది కదా అంటావేమో. క్యాంపర్‌డౌన్‌లోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రిలో 1986 నుంచి చేస్తున్నారు, ఎందరో బతికి బట్టకట్టారు. కానీ ఇచ్చేవాళ్లు దొరకాలి, ఆ ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోవాలి. అక్కడిదాకా పోనివ్వడం ఎందుకు?

నీకు కావలసింది మన గుమ్మంలోనే ఉంది. బ్లాక్‌టౌన్‌లో రైలెక్కితే సెవెన్ హిల్స్, టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్ దాటగానే వెస్ట్‌మీడ్. అక్కడి స్టోర్ లివర్ సెంటర్‌కు చెందిన ప్రొఫెసర్ జేకబ్ జార్జ్, 2020లో వివిధ దేశాల నిపుణులతో కలిసి ఒక ప్రతిపాదన చేశారు. తాగుడు లేదు కాబట్టి ఇది ఫలానా జబ్బు అని తేల్చే పద్ధతి మానేసి, బరువు, షుగరు, నడుం కొలత, రక్తంలో కొవ్వు చూసి దీన్ని గుర్తించాలన్నారు. హైదరాబాదు వాళ్లు ఐటీ ఉద్యోగులను పరీక్షించిందీ ఆ పద్ధతిలోనే. అంటే నువ్వు తాగుతావా లేదా అన్నది ఇక నీకు అడ్డుగోడ కాదు.

ఫ్యామిలీ డాక్టరు (జీపీ) దగ్గరికి వెళ్లినప్పుడు "ఫిబ్-4 ఎంత?" అని అడుగు. అది కొత్త పరీక్ష కాదు. నీ వయసు, లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, రక్తంలో ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో వేసే లెక్క. 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువ వస్తే ఫైబ్రోస్కాన్‌కు పంపుతారు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లి, వెల్లకిలా పడుకుని, కుడి చెయ్యి తల వెనక పెట్టుకుంటే, పక్కటెముకల మధ్య ఒక పరికరం ఆనిస్తారు, అది చిన్నగా తడుతుంది. పది కొలతలు తీసి లివర్ ఎంత గట్టిపడిందో చెబుతుంది. సూదీ లేదు, నొప్పీ లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఏఎల్‌టీ నార్మల్‌గా ఉందని రిపోర్టు మడిచి పెట్టెయ్యకు, ఆ అంకె బాగానే ఉన్నా లోపల మచ్చలు ఉండొచ్చు.

తిండి విషయంలో అన్నం మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా నువ్వు మానవు. రాత్రి పదింటికి కాల్స్ అయ్యాక తినే పెద్ద కంచం అన్నం మీదే నా కోపం. అది ఏడింటికి మార్చి, సగం చేసి, ఆ సగం చోట్లో కూర, పప్పు పెట్టు. మామిడి లస్సీ, జ్యూసు, కూల్‌డ్రింకు పూర్తిగా ఆపు. నువ్వు 84 కిలోలున్నావు. ఒంటి బరువులో 5 శాతం తగ్గినా లివర్లో కొవ్వు కరుగుతుంది. 7 నుంచి 10 శాతం, అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే వాపు తగ్గుతుంది, మచ్చలు కూడా కొంత వెనక్కి మళ్లుతాయి. లివర్‌కున్న ఈ సుగుణం చాలా అవయవాలకు లేదు. ఒక్క నెలలో కాదు, ఏడాది మీద తగ్గించు. శనివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయే బదులు డూన్‌సైడ్‌లో నరజింజీ పార్కుకి నడుద్దువు గాని, నేనూ వస్తాను. కాఫీ మానొద్దు. రోజూ రెండు మూడు కప్పులు తాగేవాళ్ల లివర్లో మచ్చలు తక్కువని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. హారిక పెట్టే ఫిల్టర్ కాఫీయే తాగు, చక్కెర లేకుండా.

ఇప్పుడు మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి, హెపటైటిస్ బి. 1960ల్లో బరూక్ బ్లూంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రోటీన్ చూసి ఆస్ట్రేలియా యాంటిజెన్ అన్నాడు. అది ఈ వైరస్ పైపొరదని తర్వాత తేలింది, 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. రిపోర్టులో హెచ్‌బీఎస్ఏజీ అని రాసేది దాన్నే. టీకాను మనవాళ్లకు అందుబాటు ధరకు తెచ్చింది మన నెల్లూరు జిల్లా మనిషి వరప్రసాద్ రెడ్డిగారు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వాక్-బి విడుదల చేశారు. నువ్వు పుట్టింది 1987లో, ఒంగోల్లో. కాబట్టి నీకు పుట్టగానే ఆ టీకా పడలేదు. ఇండియాలో పుట్టినవాళ్లంతా ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలని ఇక్కడి డాక్టర్లు చెప్పేది అందుకే.

పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి వైరస్ ఒంట్లోనే ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఎక్కువమందికి దానంతటదే పోతుంది. కాబట్టి ఎవరికైనా ఈ వైరస్ ఉందంటే వాళ్ల నడతను తప్పుపట్టడం ఎంత అన్యాయమో చూడు. మనమ్మాయే ఒకామె, ఊరూ పేరూ చెప్పను, పెళ్లయ్యాక అత్తవారికి తెలుస్తుందని ఆరు నెలలకోసారి చేయించుకోవాల్సిన స్కాన్ మానేసింది. తిరిగి వచ్చేసరికి లివర్లో గడ్డ ఉంది. ఈ వైరస్ ఉంటే సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ రావచ్చు. రోజుకొక మాత్రతో వైరస్‌ను అణిచి ఉంచొచ్చు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, బిడ్డను ముద్దాడినా సోకదు. రక్తం, కాన్పు, శృంగారం, ఒకరి రేజరు ఇంకొకరు వాడటం, వీటితోనే వస్తుంది. ఇక్కడ గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తారు, కడుపుతో ఉన్న హారికదీ అయ్యే ఉంటుంది. తల్లికి ఉంటే బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లోనే టీకా, ఇంకో రక్షణ ఇంజెక్షనూ ఇస్తారు. హారికకు లేదని తేలినా నీ పరీక్ష నువ్వు చేయించుకో. యాంటిజెన్, యాంటీబాడీ, కోర్ యాంటీబాడీ, మూడూ అడుగు.

మీ ఇంట్లో మందుల డబ్బా కూడా చూశాను. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో 650, ఇక్కడ కొన్న పనడాల్, జలుబు మాత్రలు. మూడింటిలోనూ ఉన్నది ప్యారాసిటమాలే కావచ్చు, జలుబు మాత్రల డబ్బా వెనక చదువు. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటితే లివర్‌కు ముప్పు. అందుకే 2025 ఫిబ్రవరి నుంచి ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్‌కు 16 మాత్రలకు మించి అమ్మనివ్వడం లేదు. పసుపు క్యాప్సూళ్లు కూడా పక్కన పెట్టు. వాటివల్ల కొందరి లివర్ దెబ్బతిందని 2023లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ టీజీఏ హెచ్చరించింది. కూరలో వేసే పసుపుకు ఏ భయమూ లేదు. కళ్లు పచ్చబడితే ఊరికి ఫోన్ చేసి పసరు తెప్పించుకోవడం మాత్రం వద్దు. కామెర్లు ఎందుకొచ్చాయో తెలియకుండా వేసే పసరుతో విలువైన రోజులు పోతాయి.

నీ తమ్ముడు వంశీ వారాంతపు పెగ్గుల సంగతి నాకు తెలుసు. ఇక్కడి ప్రభుత్వ మార్గదర్శకం వారానికి 10 స్టాండర్డ్ డ్రింకులు, ఏ రోజూ 4 మించకూడదంటుంది. మనవాళ్లు పోసుకునే 60 ఎంఎల్ పెగ్గు ఒకటి కాదు, రెండు. వాణ్ణి తిట్టకు. తిడితే దాక్కుని తాగుతాడు, డాక్టరుకూ దాస్తాడు. నీతోపాటు వాణ్ణీ పరీక్షకు తీసుకెళ్లు, అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు రక్తం ఇచ్చి రండి.

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు కదా. వాళ్లకు ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ ఉండదు కాబట్టి, బయలుదేరే ముందే నాన్నకు ఒంగోల్లో లివర్ పరీక్ష, ప్లేట్‌లెట్లు, హెపటైటిస్ బి చేయించి కాగితాలు తెమ్మను. నీ రిపోర్టులు రాగానే ఫోన్‌లో "బాగానే ఉంది పెద్దమ్మా" అని సరిపెట్టకుండా పట్టుకుని రా. ప్లేట్‌లెట్ల అంకె నేను చూడాలి. గురువారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ