తెరచాప నావలో చేతిదీపము

2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా నుండి బయలుదేరిన ‘తారిణి’ అను తెరచాప నావ భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన తిరిగి గోవా చేరినది. మన నావికాదళమునకు చెందిన ఆరుగురు మహిళా అధికారులే దానిని నడిపిరి. వారిలో విశాఖపట్నమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉండుట తెలుగువారికి గర్వకారణము. భూమిని చుట్టివచ్చు నావ కానిండు, తీరమునకు దగ్గరలో తిరుగు చిన్న తెరచాప పడవ కానిండు, రాత్రివేళ చుక్కాని పట్టినవారు రెండు విషయములు చూచుకొనవలెను. తమకు సముద్రము కనబడవలెను. ఇతరులకు తాము కనబడవలెను. ఈ రెండు పనులకు ఒకే దీపము చాలదు. ఈ విషయము తెలియక చాలమంది అంగడిలో అన్నిటికంటె ఎక్కువ వెలుగునిచ్చు దీపమునే ఎంచుకొందురు. అది ఎందువలన పొరపాటో ఈ పాఠములో తెలిసికొందము.

కంటికి చీకటి అలవాటు

తెరచాప నావ వెనుక భాగమున చుక్కాని పట్టువారు కూర్చుండు పల్లపు చోటును కాక్‌పిట్ అందురు. తాళ్లు, దిక్సూచి, పటము అన్నియు అచ్చటనే అందుబాటులో ఉండును. అచ్చట దీపము అవసరమే. కాని మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. తెల్లని తీక్ష్ణమైన వెలుగు కొద్ది క్షణములు కంట పడినచో ఆ అలవాటు చెడిపోవును.

దీనిని ఎవరైనను ఇంటి పెరటిలో పరీక్షింపవచ్చును. చీకటిలో అరగంట కూర్చుండి, ఒక కన్ను అరచేతితో గట్టిగా మూసి, రెండవ కంటితో వెలుగుచున్న దీపమును కొంతసేపు చూడుడు. పిదప దీపమార్పి, ఒక్కొక్క కంటితో చెట్లవైపు చూడుడు. మూసి ఉంచిన కంటికి కొమ్మలు కనబడును. దీపము చూచిన కంటికి నల్లని తెర తప్ప మరేమియు కనబడదు.

ఎర్రని మందకాంతి ఈ అలవాటును అంతగా చెరపదు. చీకటిలో చూచుటకు తోడ్పడు కంటిలోని కణములకు ఎరుపు రంగు చాల తక్కువగా తెలియుటయే ఇందుకు కారణము. అందుచేత కాక్‌పిట్‌లో వాడు దీపమునకు ఎర్రని వెలుగు, దానిని బాగుగా తగ్గించుకొను ఏర్పాటు ఉండవలెను. అయితే ఎర్రని వెలుగులో పటము మీది ఎర్రని గుర్తులు మాయమగును. పటము చూచునపుడు మిక్కిలి మందమైన తెల్లని వెలుగును కొద్దిసేపు వాడుట మేలు.

ఇతరులకు కనబడుట

సముద్రముపై నావలు ఢీకొనకుండ 1972లో ఏర్పడిన అంతర్జాతీయ నియమావళి 1977 జూలై 15 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము తెరచాపతో పోవు నావకు సూర్యాస్తమయము నుండి సూర్యోదయము వరకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనుక తెలుపు దీపములుండవలెను. 7 మీటర్లకంటె తక్కువ పొడవు గల నావలో వీటిని అమర్చుట సాధ్యము కానిచో, తెల్లని వెలుగునిచ్చు టార్చిలైటు గాని, వెలిగించిన లాంతరు గాని చేతికందునట్లు సిద్ధముగా ఉంచుకొని, ప్రమాదము తప్పుటకు తగినంత ముందుగా చూపవలెను. తెరచాప ఎత్తియున్నను, ఇంజను నడిపినంతసేపు అది యంత్రపు నావగానే లెక్కింపబడును. అప్పుడు దీపముల నియమములు వేరుగా ఉండును.

‘తగినంత ముందుగా’ అను మాటను లెక్క వేసి చూతము. గంటకు 15 నాటికల్ మైళ్ల వేగముతో వచ్చు ఓడ ఒక మైలు దూరమును 4 నిమిషములలో దాటును. తన దీపము వెలుగుకే కన్ను చెదరిన చుక్కాని మనిషికి ఆ నాలుగు నిమిషములు కన్ను కోలుకొనుటకే చాలవు. ఓడ వచ్చుట అతడు ఆలస్యముగా చూచును. టార్చి కొరకు వెదకుటలో మిగిలిన సమయము గడచిపోవును. ఒక ప్రాణము, ఒక కుటుంబము యొక్క జీవనాధారము ఆ నిమిషములపై ఆధారపడియున్నవి.

ఓడ కనబడినపుడు టార్చి వెలుగును తమ తెల్లని తెరచాపపై వేసినచో నావ దూరమునకు కనబడును. ఓడ నడుపువారి కన్నులలోనికి వెలుగు వేసి వారిని చీకాకు పరచరాదు. మినుకుమినుకుమను దీపములను వాడరాదు. లోపలి ఎర్రదీపమునకు కప్పు ఉండవలెను; అది బయటికి కనబడినచో ఇతరులు దానిని నావ ఎడమవైపు దీపముగా భ్రమింతురు.

పాత దీపములు, కొత్త దీపములు

హరికేన్ లాంతరు చిరకాలము మనకు సేవ చేసినది. కాని ఊగు నావలో కిరసనాయిలు ఒలికినచో తెరచాప, వలలు అంటుకొను ప్రమాదము కలదు. పెట్రోమాక్స్ దీపపు వత్తిసంచి కుదుపులకు రాలిపోవును. వేడి గాజుపై నీటి తుంపర పడిన అది పగులును. నేడు లభించు ఎల్.ఇ.డి. దీపములకు ఈ బాధలు లేవు. ఇవి కొద్దిపాటి విద్యుత్తుతో ఎక్కువ వెలుగునిచ్చును. సూర్యరశ్మితో నిండునవియు కలవు.

కొనుటకు ముందు

1. డబ్బాపై వ్రాసిన అత్యధిక వెలుగు, అత్యధిక గంటలు రెండును ఒకేసారి లభింపవు. 7 వాట్-గంటల బ్యాటరీ 1 వాటు దీపమును 7 గంటలకు మించి వెలిగింపజాలదు. మార్గశిర, పుష్య మాసములలో మన రాత్రి దాదాపు 13 గంటలు.

2. ‘ఐ.పి.ఎక్స్. 7’ అను గుర్తు గలదియే కొనవలెను. అట్టి దీపము ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడరాదు. నీటిపై తేలునదైన మరియు మంచిది.

3. కొన్ని దీపముల అడుగున అయస్కాంతముండును. దీపమును దిక్సూచి చెంతకు తెచ్చి చూడవలెను. ముల్లు కదలినచో ఆ దీపమును దిక్సూచికి దూరముగా ఉంచవలెను. లేదా వేరొక దీపమును కొనవలెను.

4. మీట తడిచేతితో, కన్నులు మూసికొని తడిమినను తెలియవలెను. మీట నొక్కగానే ముందుగా ఎర్రని వెలుగు వచ్చునది శ్రేష్ఠము.

5. మణికట్టుకు గాని నావకు గాని కట్టుటకు త్రాడు వేయు రంధ్రముండవలెను.

వాడుక, సంరక్షణ

దీపమును కంటి ఎత్తున వ్రేలాడదీయక, మోకాలి దిగువన వెలుగు క్రిందికి పడునట్లు అమర్చవలెను. ఒడ్డు చేరగానే మంచినీటితో కడిగి, ఆరిన పిదపనే చార్జి చేయవలెను. ఉప్పుతడి లోహపు కొనలకు చిలుము పట్టించును. ఎండలో కాగు చోట బ్యాటరీని వదలరాదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. బయలుదేరునపుడు వేరుగా మరియొక టార్చిని, దానికి తగిన బ్యాటరీలను వెంట తీసికొనవలెను.

కావున ఒక పెద్ద దీపమునకు వెచ్చించు డబ్బుతో రెండు చిన్న దీపములు కొనుట వివేకము. చుక్కాని చెంత మందమైన ఎర్రదీపము, చేతికందు చోట తెల్లని టార్చి ఉన్నచో, రాత్రి సముద్రముపై చూచుటకును కనబడుటకును కావలసినది సమకూరినట్లే.