పాట ఎవరి శృతిలో?

ప్రియమైన దీవెనకు,

ఈస్టర్ ఆరాధనకి కొత్త కీబోర్డు, ప్యాడ్స్, వెనక ఎల్‌ఈడీ తెర అని రాశావు, సంతోషం. పాటలన్నీ నీ గొంతుకి బాగా పలికే స్కేల్లోనే పెట్టావన్న మాట దగ్గరే నాకు దిగులు పట్టుకుంది. వాయిద్యాలతో నాకు పేచీ లేదమ్మా. 150వ కీర్తనలో బూర నుంచి తాళాల దాకా అన్నీ ఉన్నాయి. దావీదు పాడటానికి ఏర్పరచిన 288 మందీ పాటలో ఆరితేరినవాళ్లేనని మొదటి దినవృత్తాంతములు చెబుతోంది. పాతవే పవిత్రమనీ అనను. పురుషోత్తమ చౌదరిగారు రాసిన రోజుల్లో ఆయన కీర్తనలూ కొత్తవే కదా.

నా గొడవల్లా శృతి గురించే. నువ్వు హాయిగా అందుకునే పై స్థాయి వెనక వరసల్లోవాళ్లకి అందదు. చరణం పైకి లేవగానే మగవాళ్లు కాసేపు కింది స్థాయిలో తడుముకుని, పెదవులు మాత్రం కదిపి, ఆనక అదీ మానేస్తారు. పాడటం ఆపిన సంఘం ఏం చేస్తుంది? నిన్ను చూస్తుంది. దేవుణ్ణి పక్కకి జరపాలని ఏ పాటగాడూ అనుకోడు, స్కేలే ఆ పని చేసిపెడుతుంది. నీ గొంతు దేవుడిచ్చిన వరమే తల్లీ, దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నా దిగులూ కొత్తది కాదు. పాడిన సంగతి కన్నా పాడిన తీరుకే మనసు ఎక్కువ కరిగితే అది తన తప్పేనని అగస్టీను ‘కన్ఫెషన్స్’ పదో భాగంలో ఒప్పుకున్నాడు. కీర్తనని దాదాపు వచనంలా చదివించిన అతనాసియస్ పద్ధతే మేలేమో అనీ తటపటాయించాడు. అయినా పాటని చర్చిలోంచి తీసెయ్యమనలేదు. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో తనని ఏడిపించింది ఆ పాటలే. నేనూ ఆయన పక్షమే.

‘ఇప్పటి పాటల్లో అంతా నేను, నాకు’ అని పెద్దలు విసుక్కుంటున్నారన్నావు. ఆ లెక్కన కీర్తనల గ్రంథంలో సగం మూసెయ్యాలి. 88వ కీర్తన మొదటి నుంచీ తన బాధే చెప్పుకుని చీకట్లోనే ఆగిపోతుంది, కానీ చెప్పుకున్నది దేవుడికి. ఎవరితో మాట్లాడుతున్నామన్నదే చూడాలి. హంగు తగ్గితే కుర్రాళ్లు రారంటావా? హంగు ఉంచుకో. పౌలు కొరింథువాళ్లని అడిగింది ఒక్కటే: ఎదుట కూర్చున్నవాడు ఆమేన్ అనగలడా? అర్థంకాని భాష గురించి అన్నాడాయన. అందని శృతికీ అదే వర్తిస్తుందని నా వాదన.

ఈస్టర్‌కి రెండు మెట్లు దించి పెట్టు. ఆఖరి చరణానికి కీబోర్డు ఆపించి, మైకు నోటి దగ్గర్నుంచి తీసెయ్. సంఘం గొంతు ఎంత వినిపించిందో నాకు రాయి.

నీ పెదనాన్న