మాటను వాక్యంతో సహా నేర్చుకోండి

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. డిగ్రీ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి, ‘వొకాబులరీ పెరగాలంటే ఏం చేయాలి మాస్టారూ?’ అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. ఒక మాటకు ఒక తెలుగు అర్థం రాసుకుని ఆగిపోకండి. రిఫ్యూజ్‌కీ డినైకీ ‘నిరాకరించు’ అని రాసుకుంటే ఎక్కడ ఏది వాడాలో తెలియదు. లంచం ఇవ్వబోతే వద్దన్న అధికారి రిఫ్యూజ్ చేశాడు. లంచం తిన్నావంటే ‘అది అబద్ధం’ అన్న అధికారి డినై చేశాడు. ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు కదా!

2. క్రియ వెనక ఏం వస్తుందో చూడండి. ‘దాని గురించి చర్చించాం’ అనడం మనకు అలవాటు, అందుకే డిస్కస్ పక్కన అబౌట్ చేరుస్తాం. టాక్‌కు అబౌట్ కావాలి, డిస్కస్‌కు అక్కర్లేదు. అలాగే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ తప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ ఒప్పు.

3. సరైన నిఘంటువు పట్టుకోండి. శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మీద నాకు గౌరవం ఉంది, తెలుగు అర్థానికి అది చూడాల్సిందే. కానీ వాడుక తెలియాలంటే లెర్నర్స్ డిక్షనరీ కావాలి. దీని వెనక ఒక పంతులుగారి శ్రమ ఉంది. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, అర్థం తెలిసినా వాక్యం కట్టలేని విద్యార్థుల కోసం ఇద్దరు సహచరులతో కలిసి నిఘంటువు తయారుచేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. అర్థం తెలిసినా వాక్యం కట్టలేకపోవడమే మన పిల్లల ఇబ్బంది కూడా. ఈ డిక్షనరీలో నామవాచకాల దగ్గర సి, యు అనే అక్షరాలుంటాయి. సి అంటే లెక్కపెట్టగలిగేది, యు అంటే లెక్కపెట్టలేనిది. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్‌లకు యు ఉంటుంది, కాబట్టి వాటి చివర ఎస్ చేర్చకూడదు. చాలామంది ఈ గుర్తులు చూడకుండానే పేజీ తిప్పేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

4. పైకి చదవండి, ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో అలవాటవుతుంది. ఫొటోగ్రాఫ్‌లో ఒత్తు మొదటి అక్షరం మీద, ఫొటోగ్రాఫర్‌లో రెండో దాని మీద పడుతుంది.

5. రోజుకు యాభై మాటల జాబితాలు వద్దు. ఐదు చాలు. ఒక్కో మాటతో మీ ఇంటి సంగతో, ఊరి సంగతో ఒక వాక్యం నోటు పుస్తకంలో రాయండి. వారం తర్వాత ఆ పుస్తకం తెరవకుండా మళ్లీ రాయండి.

లెర్నర్స్ డిక్షనరీ కొనలేకపోతే మీ శాఖా గ్రంథాలయంలో అడగండి. అక్కడా లేకపోతే తెప్పించమని నలుగురూ కలిసి అర్జీ రాసివ్వండి.