పొడిని తూచు యంత్రము

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నానుకొని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. విశ్వవిద్యాలయమునకును ఈ సంస్థకును జన్మసంవత్సర మొక్కటియే, 1918. అయితే సంస్థ జన్మించిన దిచ్చట గాదు. నీలగిరులలోని కూనూరున సర్ రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై యారంభించిన చిన్న శాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు దాల్చినది. కూనూరున నున్న కాలముననే, 1937లో, డాక్టరు ఐక్రాయిడ్ మన దేశపు ఆహారపదార్థముల పోషక విలువలను పట్టికగా ప్రకటించెను. ఆ పరంపరలోని నేటి పట్టికలను తెరచి చూచినచో ప్రతి పదార్థమునకును నూరు గ్రాములకు ఇంత యని యుండును గాని, సోలకు ఇంత, గిద్దకు ఇంత యని యుండదు. ఏల?

మన పెద్దలు ధాన్యమును సోల, తవ్వ, మానిక, కుంచములతో కొలిచిరి. గింజలకు ఆ కొలత చాలవరకు సరిపోవును. పిండికి సరిపోదు. విద్యార్థులు ఇంటిలోనే దీనిని పరీక్షింపవచ్చును. ఒక సోలలో జల్లించిన బియ్యపుపిండిని మెల్లగా పోసి, పైని గీచి తూచుడు. పిమ్మట అదే సోలను నేలపై ఇరువదిమారులు తట్టి, పిండి క్రుంగిన మేరకు మరల నింపి, గీచి తూచుడు. పాత్ర యదియే, పిండి యదియే. తూకము మాత్రము వేరు. పొడిలో రేణువులకు నడుమ గాలి యుండును. తట్టిన కొలది గాలి పోయి రేణువులు దగ్గరగును. వానకాలమున తేమ తగిలినను, మర యాడిన తీరు మారినను ఈ దగ్గరదనము మారుచుండును.

ఒక యింటి వంటలో దీనివలన వచ్చు నష్ట మంతగా లేదు. కాని తార్నాకకు చేరువనే యున్న నాచారము సంగతి చూడుడు. అచ్చట 1976లో స్థాపితమై నేడు తెలంగాణ ఫుడ్స్ అను పేర నున్న కర్మాగారము బాలామృతమను పొడిని తయారుచేయును. వేపిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఇందులోని ముఖ్యపదార్థములు. ఏడు నెలలు మొదలు మూడేండ్ల వరకు వయసు గల శిశువులకు అంగన్వాడీల ద్వారా నెలకు రెండున్నర కిలోల పొట్ల మొక్కటి యిచ్చునట్లు దీని నేర్పరచిరి. అనగా దినమునకు నూరు గ్రాముల చొప్పున ఇరువదియైదు దినముల యాహారము. పొట్లమున నూరు గ్రాములు తగ్గినచో శిశువునకు ఒక దినపు పాలు తగ్గినట్లే. తల్లి యింట త్రాసు లేదు. ఆమె కా సంగతి తెలియనే తెలియదు.

ఇట్టి పొట్లములను వేలకొలది నింపుటకు సాధారణముగా వాడు యంత్రమును వర్ణించెదను. పైని గరాటువంటి తొట్టి యొకటి. దాని యడుగున గొట్టము. గొట్టములో పెద్ద మరమేకు వంటి కడ్డీ. దీనిని ఆగరు అందురు. కడ్డీ యొక్క చుట్టు తిరిగినప్పుడెల్ల దాని మరల నడుమ నున్న పొడి క్రిందికి దిగును. ఎన్ని చుట్లు తిరుగవలెనో మోటారునకు నియమించి పెట్టుదురు. చూచుటకు ముచ్చటగా నుండును గాని, ఇదియు సోల వంటిదే యని గ్రహింపవలెను. కడ్డీ కొలుచునది పొడి యాక్రమించిన చోటును, తూకమును గాదు.

ఉదాహరణకు, చుట్టునకు 50 ఘనసెంటీమీటర్ల పొడి దిగుననుకొందము. ఘనసెంటీమీటరు పొడి 0.60 గ్రాము తూగినచో చుట్టునకు 30 గ్రాములు. 2,500 గ్రాములకు ఎనుబదిమూడు చుట్లును మూడవ వంతును. మధ్యాహ్నమునకు పొడి కొంచెము గుల్లబారి 0.57 గ్రామే తూగినదనుకొందము. అప్పుడు అన్ని చుట్లకును దిగునది 2,375 గ్రాములు మాత్రమే. 125 గ్రాములు పోయినవి! కడ్డీ యందు దోషము లేదు, మోటారునందు దోషము లేదు.

తొట్టి యందును చిక్కు కలదు. పోషకాహార సంస్థవారు శిశువులకై రూపొందించిన హైదరాబాదు మిశ్రమమున గోధుమ 40, శనగ 16, వేరుసెనగ 10, బెల్లము 20 గ్రాములు, మొత్తము 86 గ్రాములు. దీని శక్తి సుమారు 330 కాలరీలు. పోషణకు మేలైన యీ బెల్లమును వేరుసెనగనూనెయుము పొడిని అంటుకొనునట్లు చేయును. అంటుకొను పొడి తొట్టి మెడయొద్ద కమానువలె కట్టుకొని నిలుచును. క్రింద కడ్డీ వట్టిగా తిరుగుచుండును. అందుచేత తొట్టిలో పొడిని కదలించు చేయి నొకదానిని తిప్పుచుందురు.

తూకపు లోపమునకు విరుగుడు పొట్లము క్రింద త్రాసు నుంచుటయే. నేటి త్రాసులో తక్కెడలు లేవు. లోడ్ సెల్ అను లోహపుదిమ్మ యుండును. బరువు పడగా అది కంటికి కనబడనంతగా వంగును. దానికి అంటించిన సన్నని లోహపురేకు సాగి, విద్యుత్తును అడ్డగించు శక్తి మారును. ఆ మార్పే తూకముగా చదువబడును. యంత్రము మొదట వేగముగా నింపి, గమ్యము సమీపించగనే కడ్డీని మెల్లగా త్రిప్పును. ఇంకొక సూక్ష్మము కలదు. కడ్డీ యాగిన క్షణమున కొంత పొడి గొట్టమునకును సంచికిని నడుమ గాలిలో నుండును. త్రాసున కది యింకను తెలియదు. ఆ మేరకు ముందుగనే యాపవలెను. నూనె కొలుచు వర్తకుడు గీతకు కొంచెము దిగువననే చేయి యెత్తుట మీరు చూచియుందురు.

కలుపవలసినది స్వల్పమైనప్పుడు పని మరింత కఠినము. ఈ సంస్థవారే రూపొందించిన ఇనుము, అయోడిను గల యుప్పులో గ్రామునకు ఇనుము ఒక మిల్లీగ్రాము. వేయి కిలోల యుప్పులో ఒక్క కిలో! ఇట్టిచోట మందుపొడి గల తొట్టినే త్రాసుపై నిలిపి, దాని తూక మెంత వేగముగా తగ్గుచున్నదో చూచుచు కడ్డీ వేగమును దిద్దుట యొక మంచి పద్ధతి. తొట్టిని మరల నింపునప్పుడు మాత్రము ఆ లెక్క పనికిరాదు గనుక, అంతకుముందున్న వేగముననే కొంతసేపు నడపుదురు.

చట్టము కొంత మన్నించును. 2011 నాటి నిబంధనల ప్రకారము ఒక కిలో మొదలు పది కిలోల వరకు గల పొట్లమున నూటికి ఒకటిన్నర వంతుకు, అనగా మన రెండున్నర కిలోల పొట్లమున 37.5 గ్రాములకు మించి తగ్గుదల యుండరాదు. అయితే ప్రతి పొట్లమును ముప్పది గ్రాములు తగ్గించి నింపుదమను యుక్తి సాగదు; పరీక్షించిన పొట్లముల సగటు పైని వ్రాసిన తూకమునకు తక్కువ కారాదు.

త్రాసునకు సయితము పరీక్ష యుండవలెను. తూకము తెలిసిన ఉక్కు రాళ్లను దానిపై నుంచి, చూపిన యంకె సరియో కాదో చూతురు. ఎగిరిన పొడి త్రాసుపై పేరుకొన్నచో ఆ పొడియు సంచి తూకములో చేరును. గావున తుడిచి, సున్నకు తెచ్చి, మరల నారంభింతురు. దగ్గర పంకా తిరుగుచున్నచో దానిని ఆపుదురు.