పసిబిడ్డను ఎఱుగు విధము

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాయన దీవించి వ్రాయునది.

కుప్పములోని భవిత కేంద్రమున ప్రత్యేకోపాధ్యాయినిగా నీకు నియామకమైనదని మీ నాయన వ్రాసిన జాబు చూచి మిక్కిలి సంతసించితిని. అది వైకల్యము గల బడియీడు పిల్లలకై ఏర్పడిన కేంద్రమే యైనను, నడక రాని, మాట రాని రెండు మూడేండ్ల పసివారిని సైతము చంక నెత్తుకొని తల్లులు నీ గుమ్మము తొక్కుదురు. ఉద్యోగకాలమంతయు అట్టి బిడ్డల నడుమ గడిపినవాడ నగుటచే, వారిని గూర్చి నీకు కొన్ని మాటలు చెప్పవలెనని ఈ ఉత్తరము వ్రాయుచున్నాను.

మా తరమువారు ఈ పనిలో అడుగిడిన దినములలో వైకల్యమనగా అందఱికిని మొదట తోచునది పోలియోయే. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1985లో బర్డ్ ఆసుపత్రిని నెలకొల్పిన పిమ్మట, చచ్చుబడిన కాళ్ళతో ప్రాకుచు వచ్చిన బిడ్డలు శస్త్రచికిత్స పొంది, క్యాలిపర్లు తొడిగికొని, నిలువుగ నడచి యిండ్లకు పోవుట ఈ ఊరు కన్నులార చూచినది. ఆ వ్యాధి మన దేశమున లేదని 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది. ఆనాటి వైకల్యము కంటికి కనబడునది. కాలు చూచినంతనే చేయవలసిన పని తెలిసెడిది. ఇప్పుడు నీ యొద్దకు వచ్చు బిడ్డలలో పెక్కురి ఇబ్బంది మెదడులోనో చెవిలోనో దాగియుండును. సెరిబ్రల్ పాల్సీని, ఆటిజమును, బుద్ధివికాసములోని జాప్యమును కాలు కొలిచినట్లు ఒక్క పూటలో కొలుచుటకు వీలుపడదు. అయినను మన అలవాటు మాఱలేదు. ఎఱుగని గదిలో, ఎఱుగని మనిషి యెదుట, బల్లమీద బిడ్డను కూర్చుండబెట్టి, నాలుగు చెక్కముక్కలు చూపి, ఇది చేయలేదు, అది చేయలేదు అని వ్రాసికొని పంపివేయుదుము. ఏడ్చుచున్న బిడ్డవలన తెలియునది ఏడ్పు మాత్రమే.

పరీక్షకును తోడ్పాటునకును నడుమ గోడ కట్టకుము. నేను చెప్పదలచిన దంతయు ఇదియే. సదరం శిబిరమున వైద్యులు నిర్ణయించు వైకల్యపు శాతము వేఱు, నీవు చేయవలసిన పరిశీలనము వేఱు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గలవారికి ప్రత్యేక సౌకర్యములు కల్పించినది గనుక, పింఛనునకును రాయితీలకును ఆ శాతము వ్రాసిన కాగితము కావలసినదే. దానిని ఇప్పించుటలో తల్లిదండ్రులకు నీవు తోడుపడవలసినదే. కాని, 70 శాతమని వ్రాసియున్న కాగితము ఆ బిడ్డకు రేపు ఉదయము ఏమి నేర్పవలెనో చెప్పజాలదు. బిడ్డ తనంతట తాను చేయగలిగిన దేమి, ఒకరు చేయి పట్టిన చేయగలిగిన దేమి, దాని వెనుక రాదగిన మెట్టు ఏది అను ఈ మూడును నీ పుస్తకమున లేనిచో, ఎన్ని పత్రములు నింపినను ఆ బిడ్డను నీవు ఇంకను చూడలేదనియే నా అభిప్రాయము.

అందుచేత బిడ్డ యింటికి పొమ్ము. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పోర్టేజ్ అను ఊరిలో, పల్లెలు దూరదూరముగ నుండి పసివారిని కేంద్రమునకు తెచ్చుట కష్టమగుటచే, ఉపాధ్యాయులే వారమున కొకమాఱు ఇండ్లకు పోయి, తల్లిచేతనే బిడ్డకు నేర్పించు పద్ధతిని ఆరంభించిరి. అది పిదప అనేక దేశములకు వ్యాపించినది. గుడుపల్లె, రామకుప్పం, శాంతిపురం మండలముల పల్లెలనుండి కూలి మానుకొని, బస్సెక్కి వచ్చు తల్లికి ఆ పద్ధతి ఎంత అనుకూలమో నీవే గ్రహింపగలవు.

పోవునప్పుడు సంగటి వేళకు పొమ్ము. సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డను వెల్లకిల పరుండబెట్టి నోట పోయుట మన ఇండ్లలో తఱచుగ చూతువు. అట్లు పెట్టిన ఆహారము పొరబోయి ఊపిరితిత్తులలోనికి దిగుటయు, అందువలన బిడ్డకు మాటిమాటికి దగ్గును జ్వరమును వచ్చుటయు కలదు. తల్లిని నిందింపక, బిడ్డను ఆమె యొడిలోనే నిటారుగ, తల ఒకింత ముందునకు వంగియుండునట్లు కూర్చుండబెట్టించుము. ఒడి చాలని పెద్దబిడ్డ యైనచో గోడమూలలో రెండు దిండ్ల నడుమ ఆనించుము. రాగిసంగటిని ఉండగ మ్రింగింపక, పప్పుతోనో పులుసుతోనో మెత్తగ కలిపి, చెంచా కొనతో కొంచెము కొంచెముగ, ముందటి ముద్ద మ్రింగిన పిదపనే మఱియొకటి పెట్టవలెనని చేసి చూపుము. ఆ అరగంటలో మెడ ఎంత నిలుచుచున్నదో, ఏ చేయి ముందునకు వచ్చుచున్నదో, బిడ్డ తల్లి ముఖము చూచుచున్నాడో లేదో, ఇంక కావలెనని ఏ సైగతో తెలుపుచున్నాడో సమస్తమును నీకు తెలియును. అదియే పరీక్ష, అదియే తోడ్పాటు. తల్లి చెనిక్కాయలు ఒలుచుచున్నప్పుడు కాయలను ఒక్కొక్కటిగ గంపలో వేయించుటకంటె వ్రేళ్ళకు మంచి సాధకమును ఏ దుకాణమునను కొనజాలము. అయితే ఒలిచిన గింజలు మాత్రము పసిబిడ్డ నోటికి అందరాదు. అవి శ్వాసనాళమున చిక్కినచో ప్రాణమునకే ముప్పు.

కుప్పమునకు ఒక విశేషము కలదు. ఒకవంక తమిళనాడు, మఱియొకవంక కర్ణాటకము ఆనుకొనియున్న ఆ సీమలో బడిలో తెలుగును, అవ్వ నోట తమిళమును, సంతలో కన్నడమును, కొన్ని ఇండ్ల ఉర్దూను బిడ్డ చెవిని బడును. ద్రావిడ విశ్వవిద్యాలయమును 1997లో అచటనే స్థాపించుట ఊరక జరిగినది కాదు. తెలుగున బంతి తెమ్మన్న తేలేని బిడ్డ, అవ్వ తమిళమున పిలిచినంతనే తెచ్చియిచ్చును. కావున ఏ భాషలో అడిగితివో వ్రాసికొనుము. బిడ్డకు వచ్చిన మాటలను అన్ని భాషలవియు కలిపి లెక్కింపుము. రెండు భాషలు వినుటవలన మాట ఆగిపోయినదని తల్లిదండ్రులను భయపెట్టువారు కలరు. అది నిజము కాదు.

మాట రాని బిడ్డకు వేఱొక పేరు పెట్టకమున్నే చెవి పరీక్ష చేయింపవలెను. వెనుక చప్పట్లు కొట్టి చూచుట చాలదు. గాలి కదలికను, నేల అదురును గ్రహించి తిరుగు చెవిటి బిడ్డలు ఎందఱో కలరు. పుట్టిన 1 నెలలోపల తొలి పరీక్షయు, 3 నెలలలోపల నిర్ధారణమును, 6 నెలలలోపల చికిత్సారంభమును జరుగవలెనని శాస్త్రజ్ఞులు గడువు పెట్టియున్నారు. మూడేండ్ల బిడ్డ నీ యొద్దకు వచ్చునప్పటికి ఆ గడువు ఎన్నడో దాటినది గనుక, నీవు మఱి ఒక్క నెలయు పోగొట్టరాదు. శబ్దము చెవినుండి మెదడునకు చేరుటను కొలుచు బేరా పరీక్షకు పంపుము.

“వాళ్ళ నాయనకి గూడా మూడేండ్లకే మాటొచ్చింది, చూస్తాంలేమ్మా” అను మాట నీకు ప్రతి పల్లెలోను వినబడును. దీనికి కోపగింపకుము, లొంగకుము. మాటకైనను నడకకైనను వేచియుండుటకు ఒక హద్దు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశముల బిడ్డలను, అందులో మన దేశపు బిడ్డలను గూడ, పరిశీలించి చూడగా, ఆరోగ్యముగ నున్న పిల్లలలో దాదాపు అందఱును 18 నెలలు నిండకమున్నే ఆసరా లేక నడచిరి. నెల తక్కువ బిడ్డ విషయమున ఆ లోటును తీసివేసి లెక్కింపవలెను; 32 వారములకే పుట్టిన బిడ్డకు ఏడాది నిండినదన్నచో, పది నెలల బిడ్డ చేయు పనులనే ఎదురుచూడవలెను. నిద్ర లేచిన వెంటనే వరుసవరుసగ ఉలికిపడి ముందునకు వంగుచు, చేతులు చాచుచున్న పసికందును చూచితివా, అది జడుపనియు, కడుపునొప్పి యనియు ఇంటివారు చెప్పినను నమ్మక ఆ దినముననే పెద్దాసుపత్రికి పంపుము. అది మూర్ఛలలో ఒక తీవ్రభేదము కావచ్చును. చికిత్స ఆలస్యమైన కొలది మెదడునకు నష్టము. వచ్చిన మాటలు పోగొట్టుకొనుచున్న బిడ్డ విషయమునను ఇంతే.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ఆరంభమైన నాటినుండి వైద్యబృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుమాఱులు చూడవలెనను ఏర్పాటు ఉన్నది. అంగన్‌వాడీ టీచరుతోను, ఆశా కార్యకర్తతోను స్నేహము చేసికొనుము. ఏ ఇంట ఏ బిడ్డ బయటికి రాక మూలబడియున్నదో వారికి తెలిసినంతగ ఏ దస్త్రమునకును తెలియదు.

తల్లి మనస్సు సంగతి ఒకటి చెప్పవలెను. మన సీమలో మేనరికములును, మేనమామకు పిల్లనిచ్చుటయు మెండు; పుట్టు చెవుడు మొదలగు కొన్ని వైకల్యములకు దగ్గఱి సంబంధములవలన అవకాశము హెచ్చగు మాట వాస్తవమే. దానిని మఱియొక బిడ్డను కనదలచిన దంపతులకు, ఏకాంతమున, వైద్యుని చెంతకు పంపుటకై చెప్పవలెనే గాని, ఉన్న బిడ్డను చూపి అత్తవారి యెదుట తల్లి తలవంచునట్లు చెప్పరాదు. మ్రొక్కుబడిని ఎగతాళి చేయకుము. తలనీలాలు ఇచ్చుటకు కొండకు పోవుచున్నామన్న తల్లితో, వచ్చునప్పుడు తిరుపతిలో బిడ్డను వైద్యులకు గూడ చూపించుకొని రమ్మని చెప్పుము. ఆమె తప్పక వినును.

అమ్మా, నిన్ను నేను కోరున దొక్కటే. బిడ్డ పేరు వ్రాసికొని, వైద్యశిబిరము వచ్చినప్పుడు కబురు చేసెదనని చెప్పి ఏ తల్లిని తిప్పి పంపకుము. మొదటి దినముననే, ఆ రాత్రి యింట చేయదగిన పని ఒకటి ఆమెచేత నీ యెదుట చేయించి, మఱల వారమునకు నేనే వచ్చెదనని మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనుము.

ఇట్లు,
నీ మేలు కోరు
పెదనాయన