నోరులేని ఏడాది

ఇరవై రెండేళ్లుగా నా బతుకుతెరువు మాట్లాడటం ఎలాగో నేర్పడం. గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంటర్వ్యూ మెలకువలు, స్టేజీ భయం పోగొట్టుకునే మార్గాలు, కమ్యూనికేషన్ స్కిల్స్ చెబుతుంటాను. అలాంటి నేను మావారి ఉద్యోగం పుణ్యమా అని చైనాలోని షియాన్‌లో పదకొండు నెలలున్నాను. వెళ్లిన మూడో రోజు కూరగాయల బజారుకెళ్లి, ముందురోజు రాత్రంతా వల్లెవేసిన వాక్యం అప్పజెప్పాను. వంకాయలమ్మే ఆవిడ నా చేతిలోని ఖాళీ సంచీలోకి తొంగిచూసింది. పక్క కొట్టావిణ్ని కేకేసి ఏదో చెప్పింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. “వంకాయలు అమ్ముతాను” అన్నానని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

చైనా భాషలో కొనడమూ ‘మాయ్’, అమ్మడమూ ‘మాయ్’. గొంతు కిందికి దించి మళ్లీ లేపితే కొన్నట్టు, పైనుంచి దభాలున దించేస్తే అమ్మినట్టు. రాతలోనూ ఇదే తంతు. కొనడం అనే అక్షరం నెత్తిన కూడిక గుర్తులాంటిది పెడితే అది అమ్మడం అయిపోతుంది. నా మొహం చూసి నవ్విన ఆవిడే తూకం వేశాక రెండు పచ్చిమిరపకాయలు కొసరేసి, చెయ్యి గాల్లో ఊపుతూ ఆ రెండు స్వరాలూ పలికించింది, సంగీతం మేష్టారు సరిగమలు పలికించినట్టు.

మర్నాటికల్లా నా ఫోన్‌లో అనువాదం చేసే యాప్ చేరింది. అక్కడ డబ్బులు కట్టేదీ ఫోన్‌తోనే, దారి చూపేదీ ఫోనే. నోట్లు తీస్తే చిల్లర కోసం వెతుక్కునే దుకాణదారులే ఎక్కువ. ఇక మాటలు కూడా ఫోనే చెబితే నాకు పని ఏముంది? మొదటి నెల అలాగే గడిపాను. తప్పు దొర్లలేదు, ఎవరూ నవ్వలేదు, ఒక్క మనిషీ గుర్తులేరు. యాప్ పట్టుకున్నవాడు అవతలి మొహం చూడడు, తెర చూస్తాడు. ఈ మాట నేను యాభైసార్లు క్లాసులో చెప్పాను, కళ్లలోకి చూసి మాట్లాడండర్రా అని. అందుకే రెండో నెల నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బజారులో డబ్బు కట్టేదాకా ఫోన్ సంచీలోనే. తప్పో ఒప్పో నోటితోనే.

అప్పుడు నాకు ఊపిరాడించిన మాట ‘టింగ్ బు దోంగ్’. ‘విన్నాను, అర్థం కాలేదు’ అని. చూసింది అర్థంకాకపోతే దానికి వేరే మాట, ‘కాన్ బు దోంగ్’. తెలియకపోవడంలో కూడా వినికిడికి ఒకటి, చూపుకి ఒకటి! ఇంటర్వ్యూలో ‘తెలియదు’ అనే ముక్క నోటెంట రానివ్వొద్దని పిల్లలకి నూరిపోసేదాన్ని. సగం తెలిసిన సంగతిని ఎలా తిప్పి నెట్టుకురావాలో కిటుకులు కూడా చెప్పేదాన్ని. అక్కడ రోజుకి పాతికసార్లు ‘అర్థం కాలేదు’ అనేదాన్ని, అన్న ప్రతిసారీ అవతలి మనిషి ఇంకాస్త దగ్గరికి జరిగి, ఇంకాస్త నెమ్మదిగా చెప్పేవారు. మా కాలేజీల్లో నేను తెచ్చిపెట్టిన నష్టం ఎంతో లెక్కవేసుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

మా లిఫ్టులో నాలుగేళ్ల పిల్ల ఒకతి ఎదురయ్యేది. వాళ్ల నానమ్మ నన్ను చూపించి, “ఆయీ అను” అనేది. ఆంటీ అని యాప్ అంతకుముందే తేల్చేసింది. కానీ అసలు అర్థం అమ్మ తోబుట్టువు, అంటే పిన్ని. ఆ తీగ పట్టుకుని లాగితే డొంకంతా కదిలింది. నాన్న అక్కచెల్లెళ్లు ‘గూగూ’, అచ్చంగా మన మేనత్త. అమ్మ అన్నదమ్ములు ‘జియుజియు’, మేనమామ. నాన్నకి అన్నయితే ఒక పిలుపు, తమ్ముడైతే ఇంకోటి, పెదనాన్నా బాబాయీ లాగే. ఇంగ్లీషు యాప్ ఈ చుట్టరికాలన్నిటినీ రెండే రెండు డబ్బాల్లో కుక్కేసింది. ఆ నానమ్మగారు మెట్ల మీద కూర్చోబెట్టి, నా నోటుబుక్కులో గీతలు గీసి, ఒక సాయంత్రం మొత్తం తన వంశవృక్షం నేర్పింది. మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి మేమింకా మేనమామ దగ్గరే ఉన్నాం.

షియాన్ అనగానే అందరూ మట్టిసైన్యం గురించి అడుగుతారు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడింది, చూసి తీరాల్సిందే, జనం మాత్రం తిరనాళ్లలా ఉంటారు. అంతకంటే నాకు ఊరి కోటగోడ ఇష్టం. 14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టిన గోడ, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన అద్దెకి సైకిళ్లు ఇస్తారు. ఇటుకల మీద నడుము కదిలిపోయేలా తొక్కుతుంటే ఒక పక్క పాత పెంకుటిళ్లు, ఇంకో పక్క ముప్ఫై అంతస్తుల మేడలు.

తిండి దగ్గర పరాయితనం తొందరగానే పోయింది. ఎండుమిర్చి కారం మీద సలసల కాగే నూనె పోసి, ఆ ఘుమఘుమని ఒక కూర కింద లెక్కేసే జనం వాళ్లు. మనవాళ్లు కాక ఇంకెవరు? నూడుల్స్ తిన్నాక అవి ఉడికిన నీళ్లే వేడివేడిగా తాగుతారు. మా అమ్మమ్మ గంజి గుర్తొచ్చింది.

కానీ పావ్‌మో దగ్గర నాకు శాస్తి జరిగింది. డ్రమ్ టవర్ వెనక ముస్లింల పేటలో దొరికే వేటమాంసం పులుసు అది. కూర్చోగానే ఖాళీ గిన్నె, అందులో రెండు గట్టి రొట్టెలు పెట్టి పోతారు. రొట్టె మనమే తుంచి ఇవ్వాలి. నేను ఐదు నిమిషాల్లో ఇడ్లీ తుంచినట్టు తుంచేసి పిలిచాను. వడ్డించే అమ్మాయి గిన్నె చూసి ఎదురు బల్ల దగ్గరున్న తాతగారి వంక చూసింది. ఆయన లేచి వచ్చి, నా ముక్క ఒకటి తీసుకుని, గోటితో గిల్లి గిల్లి సోయాగింజంత చేసి నా అరచేతిలో పెట్టాడు. ఒక్క మాట లేదు. తిరిగి వెళ్లి తన గిన్నె ముందు కూర్చున్నాడు. ముక్కల సైజు చూసే వంటవాడు మంట ఎంతో, పులుసెంతో తేల్చుకుంటాడట. పెద్ద ముక్కైతే లోపల పిండిలాగే ఉండిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాను. నలభై నిమిషాలు. వేళ్లు మంటపుట్టాయి. చుట్టూ ఉన్నవాళ్లు కబుర్లాడుతూ గిల్లుకుంటున్నారు, ఎవరికీ తొందర లేదు. ఓర్పు మీద నా పవర్‌పాయింట్‌లో పదహారు స్లైడ్లుండేవి. గిన్నె పొగలు కక్కుతూ తిరిగొచ్చాక, నంజుకోవడానికి తియ్యటి ఊరబెట్టిన వెల్లుల్లి పెట్టారు. మరిగిన పులుసు ప్రతి ముక్కలోకీ దిగింది.

నేను ఎక్కువసార్లు వెళ్లింది బాతు గోపురానికి. 652లో మొదట కట్టారు, ఇప్పుడు ఏడంతస్తులు, ఎత్తు 64 మీటర్లు, కాస్త ఒరిగి ఉంటుంది. బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ 645లో మనదేశం నుంచి తెచ్చిన 657 గ్రంథాలను భద్రపరచడానికి లేచిన కట్టడం. ఆయన బొమ్మ కింద కూర్చున్నప్పుడల్లా ఒకటే ఆలోచన. ఈయన మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న ధాన్యకటకంలో, ఇప్పటి అమరావతిలో, నెలల తరబడి ఉన్నాడు. ఆంధ్రదేశపు మాటతీరు మధ్యదేశం మాటకంటే వేరని రాసుకున్నాడు. అప్పటికే నలందలో శీలభద్రుడంతటి వాడి దగ్గర చదివి పేరు తెచ్చుకున్నవాడు, వయసు నలభైకి దగ్గర. అయినా ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల ముందు కూర్చుని మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. ఆ ఇద్దరూ ఈయన దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. పొద్దున గురువైనవాడు సాయంత్రానికి శిష్యుడు కాగలిగాడన్నమాట. ఆ నెలలన్నీ ఎవరు ఎవరి ముందు చాప పరిచారో, ఎవరు ముందు నమస్కారం పెట్టారో!

కోటగోడ వెలుపల కందకం పక్కన పార్కులో తెల్లారేసరికి ముసలివాళ్లు చేరతారు. నడుమెత్తు కుంచెలు, పక్కన నీళ్ల డబ్బా. నాపరాళ్ల మీద నీళ్లతో అక్షరాలు రాస్తారు. చివరి అక్షరం పూర్తయ్యేసరికి మొదటిది ఎండిపోతుంది, మళ్లీ అక్కడే ఇంకోటి. సిరా ఖర్చు లేదు, దాచుకునేదీ లేదు. వారం రోజులు నిలబడి చూశాక ఒకాయన కుంచె నాకిచ్చాడు. ‘కొనడం’ రాశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని గీతల వరస సరిదిద్దాడు. ఏది ముందు, ఏది వెనక అన్నదాని దగ్గర ఆయనకి రాజీ లేదు.

తర్వాత కుంచె నావైపే తోసి, నీ రాత రాయమన్నట్టు రాయి చూపించాడు. ‘అ’ రాశాను. ఆ గుండ్రటి మెలికలకి తల ఊపి, కుంచె తీసుకుని తనూ వేశాడు, అయితే మన గుండ్రాలు కూడా నాలుగు గీతలుగా విడగొట్టి. “బు” అన్నాను, కాదని. కుంచె ఎత్తకుండా ఒకే ఊపున తిప్పాలని గాల్లో చూపించాను. మళ్లీ వేశాడు. మళ్లీ కాదన్నాను. నాలుగోసారి ఆయన మణికట్టు నేను పట్టుకున్నాను. ఎండెక్కుతోంది. మేమిద్దరం చివరి మెలిక దగ్గరికి వచ్చేసరికి మొదటి మెలిక ఆరిపోయింది. ఆయన నవ్వుతూ కుంచె మళ్లీ డబ్బాలో ముంచాడు.